‘నాకు ఉంది’ అని స్పానిష్‌లో ఎలా చెప్పాలి? ‘తెనెర్’ క్రియ వర్తమాన రూపాలు, వాడుక

భీమవరం_కౌంట్40 అడిగినది:

అందరికీ నమస్కారం అండి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతి సెక్షన్ పనికి స్పానిష్ నేర్చుకుంటున్నాను. స్పెయిన్ కొనుగోలుదారులతో ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడగలగాలి, ఈక్వడార్ సాగుదార్ల వాట్సాప్ సందేశాలు చదివి అర్థం చేసుకోగలగాలి. ‘తెనెర్’ దగ్గర చిక్కులు వస్తున్నాయి.

మొదటిది: నేను అంటే ‘తెంగొ’, నువ్వు అంటే ‘త్యెనెస్’, మేము అంటే ‘తెనెమొస్’. ఒకే క్రియకి మూడు మొహాలు. దీనికి లెక్క ఏమైనా ఉందా, బట్టీ పట్టడమేనా?

రెండోది అసలు గొడవ. తెలుగులో ‘నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’, ‘సరుకు ప్లాంటులో ఉంది’, ‘లారీలో ఐసు ఉంది’, ‘ఆకలిగా ఉంది’ అన్నిటికీ ‘ఉండు’ ఒక్కటే. స్పానిష్‌లో ఎక్కడ ఏది వాడాలి?

మూడోది: ‘చాలా ఆకలిగా ఉంది’కి ‘ముయ్ అంబ్రె’ అనొచ్చా? నాలుగోది: ‘మీరు’ అన్నప్పుడు ఏ రూపం?

స్పానిష్ మాటలు తెలుగు అక్షరాల్లోనే రాయండి, పలకడం కూడా తెలుస్తుంది.

---

వైనతేయ_గట్టు:

మీ మొదటి, నాలుగో ప్రశ్నలకి నేను చెప్తాను. రెండోదానికి వేరేవాళ్లు వస్తారు, అది పెద్దది.

ముందు పలకడం. స్పానిష్ ‘త’ మన ‘త’యే, నాలుక పళ్లకి ఆనాలి. ‘టెనెర్’ అంటే ఇంగ్లీషు యాస వచ్చేస్తుంది. ఎ, ఒ రెండూ హ్రస్వాలే. ‘తెంగో’ అని సాగదీయకండి, ‘తెంగొ’ అని ఆపేయండి. మనవాళ్లకి ఇంకో అలవాటుంది: మాట మొదట్లో ఎ వస్తే ‘యె’ అంటాం. ‘ఎల్’ని ‘యెల్’ అని, ‘ఎస్త’ని ‘యెస్త’ అని పలుకుతారు. స్పానిష్‌లో అది తప్పు. యకారం ఉన్నచోట ఎటూ రాసి ఉంటుంది, లేనిచోట మనం చేర్చకూడదు.

ఇక రూపాలు:

యొ (నేను) – తెంగొ
తు (నువ్వు) – త్యెనెస్
ఎల్, ఎయ్య (అతను, ఆమె), ఉస్తెద్ (మీరు, ఒక్కరు) – త్యెనె
నొసొత్రొస్ (మేము, మనం) – తెనెమొస్
బొసొత్రొస్ (మీరందరూ, స్పెయిన్‌లో చనువుగా) – తెనెయ్స్
ఎయ్యొస్, ఎయ్యస్ (వాళ్లు), ఉస్తెదెస్ (మీరందరూ) – త్యెనెన్

లెక్క ఉంది. కీలకమంతా నొక్కులో, అంటే మాటలో ఏ అక్షరాన్ని బలంగా పలుకుతామో అందులో ఉంది. లాటిన్ నుంచి స్పానిష్ ఏర్పడే దశలో నొక్కు పడిన కొన్ని ఎకారాలు చీలి ‘ఇయె’ అయ్యాయి. నొక్కు పడనివి ఎకారాలుగానే ఉండిపోయాయి. ‘త్యెనెస్, త్యెనె, త్యెనెన్’ మూడింటిలో నొక్కు మొదటి అక్షరం మీద ఉంది కాబట్టి చీలింది. ‘తెనెమొస్’లో నొక్కు నడిమి ‘నె’ మీదికి, ‘తెనెయ్స్’లో చివరికి జరిగింది. అందుకే వాటిలో ధాతువు కదల్లేదు. ‘త్యెనెమొస్’ అనే రూపమే లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎందుకంటే పైన మూడుసార్లు ‘త్యె’ అని వచ్చి నాలుక దానికి అలవాటు పడిపోతుంది.

‘తెంగొ’ సంగతి వేరు. ‘నేను’ రూపంలో గకారం చేరే క్రియల జట్టు ఒకటుంది: బెంగొ (వస్తాను), పొంగొ (పెడతాను), సల్గొ (బయటికి వెళ్తాను), అగొ (చేస్తాను), దిగొ (చెప్తాను), త్రయ్గొ (తెస్తాను). తెంగొ ఆ జట్టులోది. ఈ గకారం ‘నేను’ దగ్గరే, మిగతా అయిదింటిలో రాదు. కానీ ‘తెంగొ’ని గట్టిగా పట్టుకోండి. మర్యాదగా ‘తీసుకోండి’ అనే ‘తెంగ’ లాంటి రూపాలు తర్వాత దీని నుంచే పుడతాయి.

‘మీరు’ గురించి. మన ‘మీరు’ ఒక్కరికి గౌరవంగానూ పనికొస్తుంది, పదిమందికీ పనికొస్తుంది. స్పానిష్‌లో ఆ రెండూ విడివిడి. ఒక్కరైతే ‘ఉస్తెద్’, క్రియ ‘త్యెనె’. ఎక్కువమందైతే ‘ఉస్తెదెస్’, క్రియ ‘త్యెనెన్’. ఎదురుగా ఉన్న మనిషికి ‘అతను’ రూపం ఏమిటంటారా? ‘ఉస్తెద్’ ఒకప్పటి ‘బ్వెస్త్ర మెర్సెద్’, అంటే ‘తమ దయ’ లాంటి సంబోధన, కుదించుకుపోగా మిగిలిన మాట. మన పెద్దవాళ్లు ఎదుటివారినే ‘అయ్యగారు ఏమంటారు?’ అని అడిగినట్టు, అక్కడా గౌరవం ప్రథమ పురుషలోకి జరిగింది.

స్పెయిన్ మనుషులు త్వరగా ‘తు’లోకి వచ్చేస్తారు, అందులో అమర్యాద లేదు. అయినా మొదటి ఫోన్లో మీరు ‘ఉస్తెద్’తోనే మొదలుపెట్టండి. ‘బొసొత్రొస్ తెనెయ్స్’ స్పెయిన్‌లో వినపడుతుంది. ఈక్వడార్‌తో సహా లాటిన్ అమెరికా అంతటా దాని స్థానంలో ‘ఉస్తెదెస్ త్యెనెన్’ వాడతారు. అర్జెంటీనాలో ‘తు త్యెనెస్’ బదులు ‘బొస్ తెనెస్’ అంటారు, నొక్కు చివర పడుతుంది. నొక్కు జరిగిపోయింది కాబట్టి అక్కడ చీలిక లేదు. పైన చెప్పిన సూత్రం ఇక్కడా పనిచేసింది చూడండి.

‘యొ, తు, నొసొత్రొస్’ ప్రతిసారీ చెప్పక్కర్లేదు. ‘వస్తాను’ అంటే ఎవరో మనకి తెలిసినట్టే ‘తెంగొ’ అంటే ఎవరో వాళ్లకి తెలుస్తుంది. ‘నాకైతే ఉంది’ అని ఒత్తి చెప్పేటప్పుడే ‘యొ తెంగొ’.

---

నరసాపురం_రేవు:

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. తెలుగువాళ్లకి ‘తెనెర్’ కష్టం రూపాల వల్ల కాదండి. అలాంటి క్రియ మనకి లేదు, అందువల్ల. మనం ‘నాకు’, ‘నా దగ్గర’ అని మనిషికి విభక్తి తగిలించి పక్కన పెట్టి, ఉన్న వస్తువుని కర్త చేస్తాం. అందుకే ‘నాకు చెరువు ఉంది, నాకు చెరువులు ఉన్నాయి, నాకు పిల్లలు ఉన్నారు’ అని క్రియ వస్తువుని బట్టి మారుతుంది. స్పానిష్‌లో ‘కు’ తీసేసి ఆ మనిషినే కర్తగా కూర్చోబెట్టాలి. క్రియ మనిషిని బట్టే మారుతుంది, వస్తువు ఒకటైనా వందైనా దానికి పట్టదు.

తెంగొ ఉన్ ఇహొ – నాకు ఒక కొడుకు ఉన్నాడు.
తెంగొ దొస్ ఇహొస్ – నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు.

రెండింటిలోనూ ‘తెంగొ’యే. ‘ఉన్నారు’ బహువచనం కదా అని ‘త్యెనెన్ దొస్ ఇహొస్’ అంటే ‘వాళ్లకి ఇద్దరు పిల్లలు’ అయిపోతుంది. వ్యాకరణం తప్పు కాదు కాబట్టి వినేవాడు సరిదిద్దడు, వేరే ఎవరి పిల్లల గురించో అనుకుంటాడు. అందుకే ఇది మామూలు తప్పుల కంటే ప్రమాదం.

ఇప్పుడు మీ ‘ఉంది’లు. నోరు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యంలో ‘కు’ గానీ ‘దగ్గర’ గానీ ఉన్న మనిషో సంస్థో ఉందా? ఉంటే ముందు తెనెర్‌ని ప్రయత్నించండి. ‘మాకు రెండు కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి’: తెనెమొస్ దొస్ కమరస్ ఫ్రిగొరిఫికస్. ‘నాకు ఉంది’, ‘నా దగ్గర ఉంది’ అనే తేడా అక్కడ లేదు. సొంతదైనా చేతిలో ఉన్నదైనా ‘తెంగొ’. మనకి ‘మాకు’, ‘మనకు’ వేరు, వాళ్లకి రెండూ ‘తెనెమొస్’. బేరంలో ఇది ముఖ్యం. ‘మనిద్దరికీ రేపటిదాకా టైముంది’ అనాలంటే ‘ఉస్తెదెస్ ఇ నొసొత్రొస్’ అని విడమరిచి చెప్పండి, లేకపోతే ‘మాకు టైముంది’ అనుకుంటారు.

మనిషి లేకుండా ఫలానా చోట ఫలానాది ఉంది అని కొత్తగా చెబితే ‘ఆయ్’. లారీలో ఐసు ఉంది: ఆయ్ యెలొ ఎన్ ఎల్ కమియొన్. మన గోదావరి వాళ్లకి ‘ఆయ్’ నోట్లోనే ఉంటుంది కాబట్టి మర్చిపోయే పనిలేదు. ఇది అసలు మారదు. ఒక లారీ ఉన్నా ‘ఆయ్’, పది లారీలు ఉన్నా ‘ఆయ్’. ‘ఉంది, ఉన్నాయి, ఉన్నారు’ మూడింటికీ ఒక్కటే.

ఏ సరుకో ఇద్దరికీ ముందే తెలుసు, ఎక్కడుందో చెప్పాలి అంటే ‘ఎస్త’. సరుకు ప్లాంటులో ఉంది: ల మెర్కన్సియ ఎస్త ఎన్ ల ప్లంత. ఇక్కడ ‘ఆయ్ ల మెర్కన్సియ’ అనరు. ‘ల’ అని నిర్దిష్టం చేశాక ‘ఆయ్’ పొసగదు. తెలుగులో మాటల వరస కూడా ఇదే చెప్తుంది గమనించండి. ‘లారీలో ఐసు ఉంది’ అంటే ఆయ్, ‘ఐసు లారీలో ఉంది’ అంటే ఎస్త.

ఆకలి జట్టు: స్పానిష్‌లో ఆకలి, దాహం, నిద్ర, భయం అన్నీ మనిషికి ‘ఉండే’ నామవాచకాలు. తెంగొ అంబ్రె (ఆకలి), సెద్ (దాహం), స్వెఞొ (నిద్ర), ఫ్రియొ (చలి), కలొర్ (ఉక్క), మ్యెదొ (భయం), ప్రిస (తొందర), ఫ్యెబ్రె (జ్వరం), తొస్ (దగ్గు). మీరు ‘ముయ్ అంబ్రె’ ఎందుకన్నారో తెలుసు. ‘చాలా’ రెండు చోట్లా పనిచేస్తుంది మనకి. వాళ్లకి ‘ముయ్’ విశేషణాల ముందు, ‘ముచొ, ముచ’ నామవాచకాల ముందు. అంబ్రె నామవాచకం, స్త్రీలింగం, కాబట్టి ‘తెంగొ ముచ అంబ్రె’. ముచ సెద్, ముచ ప్రిస. కానీ ముచొ ఫ్రియొ, ముచొ కలొర్, ముచొ స్వెఞొ. అంబ్రె ముందు ‘ఎల్’ కనబడితే పుంలింగం అనుకోకండి. నొక్కుపడిన అకారంతో మొదలయ్యే స్త్రీలింగ మాటల ముందు ‘ల’ బదులు ‘ఎల్’ పెడతారు, లింగం మారదు.

వాతావరణానికి ఇది పనికిరాదు. ‘ఇవాళ ఉక్కగా ఉంది’: అసె కలొర్. ‘నాకు ఉక్కపోస్తోంది’: తెంగొ కలొర్. ‘ఎస్తొయ్ కలియెంతె’ (మాటకి మాట ‘వేడిగా ఉన్నాను’) అని మాత్రం మనిషి గురించి చెప్పకండి, అది కామానికి సంబంధించిన మాట. నీళ్లు వేడిగా ఉన్నాయి అనడానికి ‘ఎల్ అగ్వ ఎస్త కలియెంతె’ బాగానే ఉంటుంది.

---

భీమవరం_కౌంట్40:

చాలా బాగా అర్థమైంది అండి. క్రియ వస్తువుని బట్టి కాదు, మనిషిని బట్టి అన్నది ఏ యాప్‌లోనూ ఇలా చెప్పలేదు. ఇంకొన్ని సందేహాలు. ‘నాకు తెలుసు’, ‘నాకు ఇష్టం’, ‘నాకు కావాలి’ కూడా ‘నాకు’తోనే మొదలవుతాయి కదా, వాటికీ తెనెర్ వాడొచ్చా? ‘పంపాలి’, ‘పంపక్కర్లేదు’ దీంతోనే చెప్తారని విన్నాను. ఈ కింది మూడు సరిగ్గా ఉన్నాయేమో చూడండి:

ఎస్తొయ్ తెనియెందొ అంబ్రె.
సొయ్ త్రెయింత ఇ దొస్ అనొస్.
ఇన్వాయిస్ ఉందా అని అడిగితే: సి, తెంగొ.

---

గౌతమి_పాయ:

మూడూ సరిచూద్దాం, వాటిలోనే సగం పాఠం ఉంది.

‘ఆకలేస్తోంది’ అన్న మన వాడుక వల్ల ‘ఎస్తొయ్ తెనియెందొ’ వచ్చింది. ఆకలి, దాహం, వయసు, ఆస్తి లాంటి స్థితులకి జరుగుతున్న వర్తమానం వాడరు. ఉత్త ‘తెంగొ అంబ్రె’ అంటేనే ‘ఆకలేస్తోంది’. ఆ రూపం పూర్తిగా నిషిద్ధం కాదు. కొంతకాలంగా సాగుతున్న ఇబ్బందికి చెల్లుతుంది: ఎస్తమొస్ తెనియెందొ ప్రొబ్లెమస్ కొన్ ఎల్ కొంతెనెదొర్, కంటెయినర్‌తో ఇబ్బందులు పడుతున్నాం. అక్కడ కూడా ‘తెనెమొస్ ప్రొబ్లెమస్’ అంటే చాలు.

వయసు: ‘నాకు ముప్పై రెండేళ్లు’లో మనకి క్రియే ఉండదు, వాళ్లకి క్రియ తప్పనిసరి, అది తెనెర్. తెంగొ త్రెయింత ఇ దొస్ అఞొస్. ‘సొయ్’ కాదు. అంతకంటే ముఖ్యం, మీరు ‘అనొస్’ అని రాశారు. అది ‘ఞ’. స్పానిష్‌లో న మీద మెలిక గీత ఉన్న అక్షరం మన ‘ఞ’తో సమానం, ‘జ్ఞ’ కాదు. ‘అఞొస్’ అంటే ఏళ్లు, ‘అనొస్’ అంటే మలద్వారాలు. మాటలో ఎవరైనా సర్దుకుంటారు, మెయిల్లో రాస్తే ఉండిపోతుంది. ఫోన్లో ఇంగ్లీషు కీబోర్డే ఉన్నా న అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే మెలిక గీత ఉన్నది పైకి వస్తుంది.

ఇన్వాయిస్ సంగతి. ‘త్యెనె ల ఫక్తుర?’ అని ఫలానా ఇన్వాయిస్ గురించి అడిగితే ‘సి, ల తెంగొ’ అనాలి. ఆ ‘ల’ అంటే ఇక్కడ ‘అది’, అది లేకపోతే వాక్యం సగంలో ఆగినట్టు ఉంటుంది. వస్తువుని బట్టి లొ, ల, లొస్, లస్. అదే ‘త్యెనె యెలొ?’ అని ఏదో కొంత ఐసు గురించి అడిగితే ‘సి, తెంగొ’ చాలు. మనం ‘ఉంది’ అని ఊరుకుంటాం కాబట్టి ఈ ‘ల’ జారిపోతుంది.

ఇంకోటి కూడా చూసుకోండి. మన ‘ఉందా? ఉంది’లో ప్రశ్న, జవాబు ఒకే రూపంలో ఉంటాయి. స్పానిష్‌లో మారాలి. ‘త్యెనె?’ అంటే ‘తెంగొ’, ‘త్యెనెన్?’ అంటే ‘తెనెమొస్’. ప్రశ్నలో విన్న రూపాన్నే తిరిగి అనేస్తే ‘అతనికి ఉంది’ అని జవాబు చెప్పినట్టవుతుంది. ఆరు రూపాల్ని వరసగా వల్లించే బదులు ఈ రెండు జతల్ని ఎదురుబదురుగా సాధన చేయండి. పనిలో నూటికి ఎక్కువ భాగం అవే తగులుతాయి.

‘చేయాలి’: తెనెర్ + కె + క్రియ మూలరూపం. తెనెమొస్ కె ఎంబియర్ ఎల్ కొంతెనెదొర్ మఞన, మేము రేపు కంటెయినర్ పంపాలి. మన ‘పంపాలి’ ఎవరికైనా మారదు, అక్కడ మారుతుంది: తెంగొ కె ఎంబియర్, త్యెనె కె ఎంబియర్. ‘కె’ని వదిలేయకూడదు. ఎవరు అని చెప్పకుండా ‘జాగ్రత్తగా ఉండాలి’ లాంటి మాటైతే ‘ఆయ్ కె’, ఇది మళ్లీ మారదు.

దీని వ్యతిరేకం దగ్గర జాగ్రత్త. ‘నొ త్యెనె కె బెనిర్’ అంటే ‘మీరు రానక్కర్లేదు’. ‘రాకూడదు’ కాదు. ‘రాకూడదు’ అంటే ‘నొ దెబె బెనిర్’. తెలుగులో ‘అక్కర్లేదు’, ‘కూడదు’ ఎంత స్పష్టంగా వేరో అక్కడా అంతే వేరు. ముందు తెలుగులో ఏది అనాలో తేల్చుకుని అప్పుడు తిప్పండి.

వ్యతిరేకంలో మనకి ఒక సుఖం ఉంది. ‘నొ’ క్రియకి ముందు వస్తుంది, అదొక్కటే తేడా. ‘నా దగ్గర ఏమీ లేదు’: నొ తెంగొ నద. ‘నాకు ఎవరూ లేరు’: నొ తెంగొ అ నద్యె. ‘ఏమీ’ అన్నాక కూడా ‘లేదు’ అంటాం కదా, వాళ్లూ అంతే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు దీన్ని రెండు వ్యతిరేకాలు అని భయపడతారు. మీరు నేరుగా తెలుగులోంచి వెళ్లండి.

చివర చెప్పిన వాక్యంలో ‘అ’ వచ్చింది, చూశారా? మనుషులు కర్మ అయినప్పుడు ముందు ‘అ’ చేరుతుంది. తెనెర్ తర్వాత ‘తెంగొ దొస్ ఇహొస్’ లాంటి చోట రాదు. ఫలానా మనిషి ఫలానా స్థితిలోనో చోటులోనో ఉన్నాడంటే వస్తుంది: తెంగొ అ మి ఇహొ ఎన్ బర్సెలొన, మా అబ్బాయి బార్సిలోనాలో ఉన్నాడు.

---

వైనతేయ_గట్టు:

‘నాకు’ గురించి రేవుగారి సూత్రానికి ఒక హద్దు గీయాలి. ఆయన ‘ముందు ప్రయత్నించండి’ అన్నారు, సబబే. కానీ ‘ఉంది, ఉన్నాయి, ఉన్నారు, లేదు’తో ముగిసే ‘నాకు’లకే తెనెర్. ‘నాకు తెలుసు’ – సె. ‘నాకు ఈత వచ్చు’ – సె నదర్. ‘నాకు కావాలి’ – కియెరొ, అవసరమైతే నెసెసితొ. వీటన్నిటిలో మనిషే కర్త, క్రియలు వేరు. ‘నాకు ఇష్టం’ మాత్రం అచ్చం మనలాగే: మె గుస్త. అక్కడ ‘మె’ అంటే ‘నాకు’, ఇష్టమైన వస్తువే కర్త, వస్తువులు ఎక్కువైతే ‘మె గుస్తన్’. దానిని తెనెర్‌లోకి లాగొద్దు.

నొప్పికి రెండూ ఉన్నాయి. ‘మె దుయెలె ల కబెస’ అంటే తల నొప్పెడుతోంది, ‘తెంగొ దొలొర్ దె కబెస’ అంటే తలనొప్పిగా ఉంది. రెండూ మంచి స్పానిషే.

---

నరసాపురం_రేవు:

ఆ హద్దు సరైనదే అండి, నేను ముందే చేర్చాల్సిన మాట.

మీ ప్లాంటు పనికి ఉపయోగపడే వాడుకలు ఇంకొన్ని. ఏదైనా అందిస్తూ ‘ఇదిగోండి’ అనడానికి ‘అకి త్యెనె’, చనువైతే ‘అకి త్యెనెస్’. మెయిల్‌కి ఫైలు జోడించినప్పుడూ ఇదే: అకి త్యెనె ల ఫక్తుర. ‘మీరన్నది నిజమే’: త్యెనె రసొన్. స్పెయిన్ మనిషి నోట ఆ ‘స’ నాలుక పళ్ల మధ్య పెట్టి పలికినట్టు వినబడుతుంది, లాటిన్ అమెరికాలో మామూలు ‘స’. ‘టీ తాగాలనిపిస్తోంది’: తెంగొ గనస్ దె తొమర్ తె. ‘పెట్టెలు సిద్ధం చేసి ఉంచాం’: తెనెమొస్ లిస్తస్ లస్ కహస్. ఇందులో ‘లిస్తస్’ పెట్టెల్ని బట్టి స్త్రీలింగ బహువచనం. అదే కాగితాలైతే ‘తెనెమొస్ లిస్తొస్ లొస్ దొకుమెంతొస్’. తెనెర్ మనిషితో, లిస్తొ వస్తువుతో కలవాలి. ఒకే వాక్యంలో రెండు పొత్తులు.

కొలతలకీ ఇదే క్రియ. ‘చెరువు ఒకటిన్నర మీటరు లోతు’ అని మనం క్రియ లేకుండా అనేస్తాం. వాళ్లు ‘ఎల్ ఎస్తంకె త్యెనె ఉన్ మెత్రొ ఇ మెదియొ దె ప్రొఫుందిదద్’ అంటారు. ఈక్వడార్ వాళ్లు రొయ్యల చెరువుని ‘పిసిన’ అంటారు, స్పెయిన్ వాడికి ఆ మాట ఈతకొలను. అలాగే వనామీ రకం రొయ్యని ఈక్వడార్‌లో ‘కమరొన్’ అంటే స్పెయిన్‌లో ‘లంగొస్తినొ’ అంటారు. స్పెయిన్‌లో ‘కమరొన్’ అంటే మరీ చిన్న రొయ్య. ‘తెనెమొస్ కమరొన్’ అని స్పెయిన్‌కి మెయిల్ పెడితే వ్యాకరణం సరిపోయినా సరుకు తేడా పడుతుంది.

నాణ్యత ఫిర్యాదు చదివేటప్పుడు ‘ఎల్ లొతె త్యెనె మంచస్ నెగ్రస్’ కనబడితే ఆ లాటులో నల్లమచ్చలు ఉన్నాయని. ఇక్కడ లాటే కర్త, ఒకటే కాబట్టి ‘త్యెనె’. మచ్చలు ఎన్నున్నా సరే.

‘ఇక్కడ మూడేళ్లుగా పనిచేస్తున్నాను’ – లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘తెంగొ త్రెస్ అఞొస్ త్రబహందొ అకి’, స్పెయిన్‌లో ‘యెబొ త్రెస్ అఞొస్ త్రబహందొ అకి’. మీరు స్పెయిన్‌తో మాట్లాడేటప్పుడు రెండోది వాడండి.

---

గౌతమి_పాయ:

ఒకే కష్టంతో ఎక్కువ ఫలితం కావాలంటే తెనెర్ చివర చేరిన క్రియలన్నీ ఇప్పుడే తీసుకోండి, అన్నీ ఇదే బాట: మంతెనెర్ (నిలిపి ఉంచు), కొంతెనెర్ (కలిగి ఉండు), ఒబ్తెనెర్ (పొందు), దెతెనెర్ (ఆపు), రెతెనెర్ (పట్టి ఉంచు), సొస్తెనెర్ (మోయు). మంతెంగొ, మంత్యెనె, మంతెనెమొస్. ‘మంతెనెమొస్ ల తెంపెరతుర అ మెనొస్ ద్యెసిఒచొ గ్రదొస్’, ఉష్ణోగ్రతని మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలుపుతున్నాం, మీకు ఎక్కువగా పనికొచ్చే వాక్యం ఇది.

‘బెనిర్’ (రావడం) దీనికి తోబుట్టువు: బెంగొ, బ్యెనెస్, బ్యెనె, బెనిమొస్, బెనిస్, బ్యెనెన్. నాలుగూ అయిదూ మాత్రం చూసుకోండి. తెనెర్‌లో ‘ఎ’, బెనిర్‌లో ‘ఇ’. ‘బెనెమొస్’ అనేది తప్పు.

రాతలో గీతల సంగతి: ‘తెనెయ్స్’లో చివరి ఎకారం మీద గీత తప్పనిసరి, మిగతా అయిదు రూపాల్లో గీత లేదు. ‘తు’ మీద గీత ఉంటే ‘నువ్వు’, లేకపోతే ‘నీ’. ‘ఎల్’ మీద ఉంటే ‘అతను’, లేకపోతే నామవాచకం ముందు పెట్టే మాట. ప్రశ్న రాసేటప్పుడు వాక్యం మొదట్లో తలకిందుల ప్రశ్నార్థకం పెట్టాలి, చివర మామూలుది.

---

భీమవరం_కౌంట్40:

అందరికీ ధన్యవాదాలండి. రేపటి ఫోన్‌కి ఇలా సిద్ధం చేసుకున్నాను, ఒక్కసారి చూడండి:

వాళ్లు: త్యెనెన్ ల తల్య త్రెయింత – క్వరెంత? (30–40 సైజు ఉందా?)
నేను: సి, ల తెనెమొస్. నొ తెనెమొస్ ముచొ, పెరొ ఆయ్ దొస్ కొంతెనెదొరెస్ ఎన్ ల ప్లంత.

---

నరసాపురం_రేవు:

మొదటి జవాబు చక్కగా ఉంది, ‘త్యెనెన్’కి ‘తెనెమొస్’ సరిగ్గా తిప్పారు, ‘ల’ కూడా పెట్టారు. ‘తల్య’ లాటిన్ అమెరికాలోనూ స్పెయిన్‌లో చాలాచోట్లా ‘తయ్య’ అనే వినబడుతుంది, అలాగే పలకండి. రెండో వాక్యం వ్యాకరణం పరంగా తప్పులేదు. కానీ ‘ఆయ్’ అన్నందుకు ఆ రెండు కంటెయినర్లు ఎవరివో చెప్పినట్టు కాలేదు. అమ్మేవాళ్లు మీరు కాబట్టి ‘తెనెమొస్ దొస్ కొంతెనెదొరెస్ లిస్తొస్’ అనండి, సిద్ధంగా ఉన్న రెండు కంటెయినర్లు మీవేనని కొనేవాడికి తెలుస్తుంది.